కార్డు పోతే పౌరసత్వం పోదు: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ల భయాలు, చట్టం చెప్పే నిజాలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగువాళ్ల ఇళ్లలో కొన్ని ప్రశ్నలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి. ఓటరు జాబితాలోంచి పేరు తీసేస్తే పౌరసత్వం పోయినట్టేనా? ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బడి సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటే మనల్ని పరాయివాళ్లంటారా? ఆంధ్రాలో ఒక ఓటు, ఒడిశాలో ఒక ఓటు ఉంటే దేశం నుంచి పంపించేస్తారా? పన్నెండేళ్లుగా దుబాయ్‌లో పనిచేస్తున్న కొడుకు ఇంకా భారతీయుడేనా? వీటికి ఓపిగ్గా జవాబు చెప్పేవాళ్లు తక్కువ. ఆ టెన్షన్‌ను డబ్బు చేసుకునేవాళ్లు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

అసలు మాట ముందే చెప్పేస్తాను. పుట్టుకతో భారతీయులైనవాళ్ల పౌరసత్వాన్ని తహసీల్దారు, కలెక్టరు, పోలీసులు, ఎన్నికల అధికారి ఎవరూ రద్దు చేయలేరు. కేంద్ర ప్రభుత్వానికి కూడా వాళ్ల పౌరసత్వం రద్దు చేసే అధికారాన్ని పౌరసత్వ చట్టం ఇవ్వలేదు. వాళ్ల పౌరసత్వం పోవాలంటే వాళ్లే వదులుకోవాలి, లేదా వాళ్లంతట వాళ్లే మరో దేశపు పౌరసత్వం తీసుకోవాలి. అయితే ఇందులో ఒక చిక్కుంది. పుట్టుకతో వచ్చిన హక్కు అయినా, ఎవరైనా అడిగిన రోజున చూపించడానికి కాగితం కావాలి. హక్కుకీ కాగితానికీ మధ్య ఉన్న ఈ సందులోనే దళారులు దూరుతున్నారు.

ఎవరు పౌరులు, ఎప్పుడు పోతుంది

మన తాతలకాలంలో ఈ ప్రాంతం చాలావరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు గంజాం, కొరాపుట్ ప్రాంతాలు అందులో కలిశాయి. మన పెద్దలు ఎక్కడికీ వలస రాలేదు, వాళ్లున్న చోటికే కొత్త రాష్ట్రం వచ్చింది. దీన్ని ప్రత్యేకంగా గుర్తుచేయడానికి కారణం ఉంది. భారతదేశంలో రాష్ట్ర పౌరసత్వం అనేదే లేదు. ఉన్నది ఒక్కటే, దేశ పౌరసత్వం. తెలుగు మాట్లాడడమో, ఇంట్లో పాత తెలుగు దస్తావేజులు ఉండడమో ఎవరినీ ఒడిశాలో పరాయివాళ్లను చేయదు. నిజానికి ఆ దస్తావేజులే, మీ కుటుంబం తరతరాలుగా ఈ నేల మీద ఉందనడానికి సాక్ష్యం. జాగ్రత్తగా దాచుకోండి.

1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు ఇక్కడ స్థిరనివాసం ఉండి, ఇక్కడే పుట్టినవాళ్లు రాజ్యాంగంలోని 5వ అధికరణం ప్రకారం పౌరులయ్యారు. ఆ తరువాత పుట్టినవాళ్ల సంగతి 1955 పౌరసత్వ చట్టం చూస్తుంది. 1987 జూన్ 30 దాకా భారతదేశంలో పుట్టినవాళ్లు, విదేశీ రాయబారుల పిల్లల వంటి మినహాయింపులు తప్ప, తల్లిదండ్రులు ఎవరైనా పౌరులే. 1987 జూలై 1 నుంచి 2004 డిసెంబరు 2 వరకు పుట్టినవాళ్లకు తల్లి లేదా తండ్రి భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి నియమం ఇంకా బిగిసింది. తల్లిదండ్రులిద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై, రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకుండా ఉండాలి. కాబట్టి మీ ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే వాళ్ల పుట్టిన తేదీలను బట్టి చూపించాల్సిన కాగితాలు కూడా మారవచ్చు. 1987 జూలైకి ముందు పుట్టిన పెద్దాడికి వాడి జనన ధ్రువపత్రం చాలు, ఆ తరువాత పుట్టిన చిన్నదానికి అమ్మానాన్నల కాగితాలూ కావాలి.

పౌరసత్వం పోవడానికి ఈ చట్టంలో దారులు మూడే. 8వ సెక్షన్ ప్రకారం తానే వదులుకోవడం. 9వ సెక్షన్ ప్రకారం ఇష్టపూర్వకంగా మరో దేశపు పౌరసత్వం తీసుకోవడం. 10వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వం తీసేయడం. ఈ మూడోది ముఖ్యంగా రిజిస్ట్రేషన్ ద్వారానో నేచురలైజేషన్ ద్వారానో, అంటే దరఖాస్తు పెట్టుకుని, పౌరులైనవాళ్లకే వర్తిస్తుంది. పుట్టుకతో పౌరులైనవాళ్ల జోలికి రాదు.

మొదటి దారి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఎవరూ పొరపాటున అందులో పడరు. రెండోదే మన కుటుంబాలకు దగ్గరి విషయం. బరంపురం నుంచి, పర్లాకిమిడి నుంచి అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా వెళ్లి స్థిరపడినవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడి పౌరసత్వం తీసుకున్న క్షణమే భారత పౌరసత్వం దానంతటదే ముగుస్తుంది. ఎవరూ నోటీసు ఇవ్వక్కర్లేదు, పాత పాస్‌పోర్టు గడువు మిగిలి ఉన్నా తేడా లేదు. ఆ పాస్‌పోర్టును భారత కాన్సులేట్‌లో అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. దాన్నే ఇంకా వాడుతూ ఉంటే నేరం. 2022, 2023, 2024 మూడేళ్లలోనూ ఏడాదికి రెండు లక్షల మందికి పైగానే ఇలా భారత పౌరసత్వం వదిలారని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది.

ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉంది కదా, అది రెండో పౌరసత్వమే కదా అని చాలామంది అనుకుంటారు. కాదు. ఓసీఐ అంటే జీవితకాలం వీసా లాంటిది. దాంతో ఓటు వేయకూడదు, ఎన్నికల్లో నిలబడకూడదు, పొలం కొనకూడదు. పిల్లల విషయంలో మరో మెలిక ఉంది. తల్లిదండ్రులు 8వ సెక్షన్ కింద పౌరసత్వం వదులుకుంటే, మైనర్ పిల్లలు పద్దెనిమిది నిండిన ఏడాదిలోగా తిరిగి కోరుకోవచ్చు. కానీ తల్లిదండ్రులు విదేశీ పౌరసత్వం తీసుకోవడం వల్ల 9వ సెక్షన్ కింద పోయిన సందర్భంలో ఆ వెసులుబాటు లేదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కొడుకు పద్దెనిమిదేళ్లకు వచ్చి తిరిగి తీసుకుంటాడులే అని ధీమాగా ఉన్న తల్లిదండ్రులు ఈ తీర్పు గురించి తెలుసుకోవాలి.

గల్ఫ్ సంగతి పూర్తిగా వేరు. దుబాయ్, కువైట్, ఖతర్‌లలో ఇరవై ఏళ్లు కూలి చేసినా, అక్కడి పౌరసత్వం తీసుకోనంత వరకు మనిషి భారతీయుడే. "ఏడేళ్లు బయట ఉంటే పోతుంది" అనే మాట ఎక్కడి నుంచి పుట్టిందో చెబుతాను. 10వ సెక్షన్‌లో ఏడేళ్ల నిబంధన ఒకటి నిజంగానే ఉంది. వరుసగా ఏడేళ్లు విదేశాల్లో ఉండి, ఏటా కాన్సులేట్‌లో నమోదు చేసుకోనివాళ్ల పౌరసత్వం తీసేయవచ్చు అంటుంది. విద్యార్థులకు, ప్రభుత్వ ఉద్యోగులకు అందులో మినహాయింపు ఉంది. అయితే ఆ సెక్షన్ ముఖ్యంగా దరఖాస్తుతో పౌరులైనవాళ్ల కోసమే అని పైన చెప్పుకున్నాం. గుణుపురంలో పుట్టి మస్కట్‌లో తాపీ పని చేసే మనిషికి దానితో సంబంధం లేదు. ఈ ఒక్క అపోహతోనే "మీవాడి పౌరసత్వం రెన్యువల్ చేయించాలి" అని డబ్బు అడిగే దళారులు ఉన్నారు. పౌరసత్వానికి రెన్యువల్ లేదు. రెన్యువల్ ఉన్నది పాస్‌పోర్టుకి.

వేములవాడ కేసు నేర్పేది

మోసంతో తెచ్చుకున్న పౌరసత్వం ఎలా పోతుందో, ఫిర్యాదు చేయడమంటే ఏమిటో తెలియాలంటే తెలుగునేల మీదే జరిగిన వేములవాడ కేసు చూడాలి. చెన్నమనేని రమేష్ జర్మనీలో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. తరువాత తిరిగివచ్చి 2008లో భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టారు, 2009లో వచ్చింది. అదే ఏడాది వేములవాడ ఎమ్మెల్యే అయ్యారు. మళ్లీ 2010 ఉప ఎన్నికలోనూ, 2014, 2018లలోనూ గెలిచారు.

ఆయన మీద ఓడిపోయిన ఆది శ్రీనివాస్ 2009లోనే కేంద్ర హోం శాఖకు ఫిర్యాదు చేశారు. చట్టం ప్రకారం దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు భారత్‌లో నివసించి ఉండాలి, రమేష్ ఆ కాలంలో చేసిన విదేశీ ప్రయాణాలను దాచారు అన్నది ఆరోపణ. హోం శాఖ విచారణ కమిటీ వేసింది. 2017లో పౌరసత్వాన్ని రద్దు చేసింది. ఆయన హైకోర్టుకు వెళ్లారు. 2019 జూలైలో కోర్టు విషయాన్ని హోం శాఖకే తిప్పి పంపింది. ఎందుకంటే 10వ సెక్షన్‌లో ఇంకో షరతు ఉంది. తప్పు చెప్పారని తేలినంత మాత్రాన చాలదు, ఆ వ్యక్తి పౌరుడిగా కొనసాగడం ప్రజాహితానికి మంచిది కాదని కూడా ప్రభుత్వం నిర్ధారించుకోవాలి. హోం శాఖ మళ్లీ విచారించి 2019 నవంబరులో రెండోసారి రద్దు చేసింది. మళ్లీ కోర్టు, మళ్లీ స్టే. భారత పౌరసత్వం వచ్చాక కూడా జర్మనీ పాస్‌పోర్టు మీదే ప్రయాణాలు చేసిన సంగతి కోర్టు ముందుకు వచ్చింది. చివరికి 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మన్ పౌరుడేనని చెప్పి పిటిషన్ కొట్టేసింది. 30 లక్షల రూపాయల ఖర్చులు విధించి, అందులో 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కు ఇమ్మంది.

ఫిర్యాదు నుంచి ఆ తీర్పు దాకా పదిహేనేళ్లు. ఇంత ఆలస్యం అన్యాయమే, నాకందులో అనుమానం లేదు. అంతకాలం ఒక నియోజకవర్గం ప్రజలకు తమ ప్రతినిధి పౌరుడో కాదో తేలలేదు. కానీ ఇదే కేసును రెండో వైపు నుంచి కూడా చూడండి. దరఖాస్తు పెట్టి పౌరసత్వం తెచ్చుకున్న మనిషి విషయంలోనే లిఖితపూర్వక నోటీసు, న్యాయాధికారిగా పదేళ్లు పనిచేసిన వ్యక్తి అధ్యక్షతన ముగ్గురి కమిటీ, వాదన చెప్పుకునే అవకాశం, ఆపైన కోర్టులు ఉన్నాయి. అలాంటిది మీ ఊరి జిరాక్స్ షాపు దగ్గర నిలబడి ఎవడో "మీ పౌరసత్వం క్యాన్సిల్ లిస్టులో ఉంది" అంటే నమ్మడానికి ఆధారం ఏముంది?

రెండు కార్డులు, రెండు రాష్ట్రాలు

కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకూ, పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు మండలానికీ మధ్య కొఠియా గ్రామాలున్నాయి. అవి మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటాయి. 1968లోనే వ్యవహారం సుప్రీంకోర్టుకెళ్లింది. 2006లో కోర్టు యథాతథ స్థితి కొనసాగించమంది. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారమంటూ మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడి కొండజాతి కుటుంబాల్లో రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉండడం అందరికీ తెలిసిందే. ఇటు చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలో మహారాష్ట్ర, తెలంగాణ మధ్య నలిగే ఊళ్లదీ ఇదే కథ.

వాళ్లను నేను తప్పుపట్టను. రెండు ప్రభుత్వాలు పిలిచి కార్డులిస్తే తీసుకున్నారు. కానీ చట్టం మాత్రం స్పష్టం. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక మనిషి పేరు ఒకే నియోజకవర్గంలో, ఒక్కసారే ఉండాలి. దరఖాస్తులో తెలిసి తప్పుడు మాట రాస్తే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇది ఓటరు జాబితాకు సంబంధించిన తప్పు. దీనివల్ల పౌరసత్వం పోదు. పెళ్లై పార్వతీపురం నుంచి రాయగడ వచ్చిన కోడలి పేరు రెండు చోట్లా ఉంటే, తాను నివసించని చోట ఫారం 7 ఇచ్చి తీయించుకోవాలి. చిరునామా మారినప్పుడే ఫారం 8 నింపితే ఈ తలనొప్పే ఉండదు. పొరపాటున అసలు పేరే పోతే, నిర్ణయం వచ్చిన 15 రోజుల్లో జిల్లా మేజిస్ట్రేట్‌కు అప్పీలు చేయాలి. అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి. సాయానికి ఓటరు హెల్ప్‌లైన్ ఫోన్ నంబరు 1950 ఉంది.

ఆధార్ సంగతి ఇంకా తేలిక. అది పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టంలోని 9వ సెక్షనే చెబుతుంది. ఏడాదిలో 182 రోజులు ఇక్కడున్న విదేశీయుడు కూడా ఆధార్ తీసుకోవచ్చు. 2020 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో 127 మందికి ఆధార్ సంస్థ నోటీసులిచ్చి పౌరసత్వం రుజువు చేసుకోమన్నప్పుడు పెద్ద గొడవైంది. ఆధార్‌కూ పౌరసత్వానికీ సంబంధం లేదని ఆ సంస్థే వివరణ ఇవ్వాల్సి వచ్చింది. అలాగే తహసీల్ ఆఫీసు ఇచ్చే రెసిడెంట్ సర్టిఫికెట్ నివాసానికి రుజువు, అంతే.

పేర్ల తేడాలు మన దగ్గర చాలా మామూలు. ఇంటిపేరు ముందుండే తెలుగు పద్ధతి, చివరుండే ఒడియా పద్ధతి కలిసి ఒకే మనిషికి మూడు కాగితాల్లో మూడు పేర్లు పడతాయి. దీని గురించి కంగారుపడేవాళ్లకు 2024 జూలైలో అస్సాంకు చెందిన రహీమ్ అలీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ధైర్యమిస్తుంది. పేర్లలో, తేదీల్లో చిన్న తేడాలను పట్టుకుని మనిషిని విదేశీయుడనడం కుదరదనీ, అసలు అనుమానించడానికి అధికారుల దగ్గర ముందు ఏదో ఒక ఆధారం ఉండాలనీ కోర్టు చెప్పింది. అలాగని తేడాలను అలాగే వదిలేయకండి. పిల్లల జనన ధ్రువపత్రాలతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ సరిచేయించండి. ఏడాది దాటిన జననాల నమోదుకు సబ్ కలెక్టరు స్థాయి అధికారి అనుమతి కావాలి, కొంచెం తిరగాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకైతే పుట్టిన తేదీకీ ఊరికీ ఆ పత్రమే రుజువు కాబట్టి అసలు వాయిదా వేయొద్దు.

మోసపోతే ఏం చేయాలి

మన వైపు జరిగే మోసాలు ఎక్కువగా మూడు రూపాల్లో ఉంటాయి. పౌరసత్వ సర్టిఫికెట్ ఇప్పిస్తామని డబ్బు గుంజడం ఒకటి. పుట్టుకతో పౌరులైనవాళ్లకు ప్రభుత్వం అలాంటి సర్టిఫికెట్ మామూలుగా ఇవ్వదు. సందేహం వచ్చిన అరుదైన సందర్భాల కోసం చట్టంలో ఒక పత్రం ఉన్నా, దాన్ని కేంద్రం తప్ప మరెవరూ ఇవ్వలేరు. రెండోది నకిలీ జనన ధ్రువపత్రం. అచ్చం ప్రభుత్వ సైట్లలా కనిపించే దొంగ సైట్లు తయారుచేసి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే అక్కడికే వెళ్లేలా పెడతారు. స్కాన్ చేశాక వచ్చిన చిరునామాలో సైటు పేరు చివర 'జీఓవీ డాట్ ఇన్' ఉందో లేదో చూడండి. మూడోది ఫోన్ బెదిరింపు. "ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ పాస్‌పోర్టు మీద కేసుంది, వీడియో కాల్‌లోనే ఉండండి" అంటారు. ఫోన్లో అరెస్టు చేసే అధికారం ఈ దేశంలో ఎవరికీ లేదు. కాల్ కట్ చేసేయండి.

డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకా ఎవరి ఖాతాలోనైనా ఆగి ఉంటే అక్కడే నిలిపేసే వీలుంటుంది, రాత్రి గడిస్తే ఆ వీలు తగ్గిపోతుంది. లావాదేవీ నంబరు, స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి. సిగ్గుతో సందేశాలు డిలీట్ చేసేవాళ్లు ఎక్కువ, దానివల్ల లాభం మోసగాడికే. తరువాత సైబర్ క్రైమ్ పోర్టల్‌లో, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి.

సరిహద్దులో ఉండేవాళ్లకు "ఇది మా పరిధి కాదు, ఆంధ్రా స్టేషన్‌కు వెళ్లండి" అనే మాట బాగా అలవాటు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా, ఏ స్టేషన్‌లోనైనా సమాచారం నమోదు చేయాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. దళారి విజయనగరంలో ఉన్నా, డబ్బు మరో రాష్ట్రంలో ఖాతాలో పడినా, రాయగడ స్టేషన్‌లోనే రాయించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, ఆపై మేజిస్ట్రేటు ఉన్నారు.

ఒక హెచ్చరిక. దళారి ఇచ్చిన దొంగ పత్రాన్ని, దొంగదని తెలిశాక కూడా వాడితే మీరూ నేరస్థులే. పౌరసత్వ చట్టం 17వ సెక్షన్ కింద, ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పి పౌరసత్వం పొందాలని చూస్తే ఐదేళ్ల దాకా జైలు, లేదా 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. పౌరుడు కానివాడు ఆ విషయం దాచి భారత పాస్‌పోర్టు కోసం దరఖాస్తు పెడితే పాస్‌పోర్టు చట్టం కింద ఏడాది నుంచి ఐదేళ్ల జైలు. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టమైతే నకిలీ పాస్‌పోర్టు, వీసా వాడకానికి రెండేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, లక్ష నుంచి పది లక్షల జరిమానా పెట్టింది. పత్రం నకిలీదని అనుమానం రాగానే మీరే ముందు ఫిర్యాదు ఇస్తే, మీరు బాధితులని చెప్పుకోవడానికి అదే ఆధారం.

ఇంకొకరి మీద ఫిర్యాదు చేసేముందు

ఎవరైనా అబద్ధాలతో పౌరసత్వం పొందారని మీ దగ్గర ఆధారం ఉంటే, కేంద్ర హోం శాఖలోని విదేశీయుల విభాగానికి లిఖితపూర్వకంగా రాయాలి. కాపీ జిల్లా కలెక్టరుకు, ఎస్పీకి ఇవ్వండి. దరఖాస్తులో ఏ విషయం అబద్ధం, అది అబద్ధమని ఏ కాగితం చెబుతుంది, మీకెలా తెలిసింది అన్నవి రాస్తే చాలు. ఓటరు జాబితా వరకే అయితే ఫారం 7. అమెరికా పౌరుడైపోయిన మీ బంధువు పేరు బరంపురం జాబితాలో ఇంకా ఉన్నా అదే ఫారం.

ఈ విషయంలో నాకు మనసులో ఉన్న బెంగ దాచుకోను. మల్కనగిరి జిల్లాలో మన తెలుగువాళ్ల పక్కనే, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలు ఉన్నాయి. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద ప్రభుత్వమే వాళ్లను తెచ్చి స్థిరపరిచింది. ఎం.వి. అక్షరాలకు అంకె చేర్చి పిలిచే ఆ ఊళ్లలో పుట్టిన రెండో తరం, 1987 జూలైకి ముందు పుట్టినవాళ్లైతే, మనలాగే పుట్టుకతో పౌరులు. భూమి తగాదా ఉందనో, యాస వేరుగా ఉందనో వాళ్లను విదేశీయులని రాసి పంపడం ఫిర్యాదు కాదు, దౌర్జన్యం. తెలిసి తప్పుడు సమాచారమిచ్చి అధికారుల చేత ఒకరికి హాని చేయించబోతే భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రేపు ఇదే పని మన మీద, "వీళ్లు ఆంధ్రావాళ్లు" అని ఎవరైనా చేయగలరని మరిచిపోకూడదు.

ఒడియా రాయడం రాదని ఫిర్యాదు మానేసే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడే ఏ భాషలోనైనా అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు, కాబట్టి తెలుగులో రాసివ్వండి. కేసు కోర్టు దాకా వస్తే 15100కి ఫోన్ చేసి జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.